పాలలోకి చేరేది

చేపముక్క నోట్లో పెట్టుకోగానే ఆమెకు డోకొచ్చింది. ముక్కు మూసుకుని మింగేసి, గటగటా నీళ్లు తాగింది.

"పడనిది ఎందుకే ఈ బలవంతం?" అంది అక్క, వీపు నిమురుతూ.

"ఒమేగా కొవ్వులటక్కా. నేను తింటే పాలలోకి చేరతాయట. నెలలు నిండని పిల్లాడు కదా, మెదడుకీ కళ్లకీ మంచిదని నర్సమ్మ చెప్పింది."

 అక్క పమిటచెంగుతో ముఖం తుడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆమె చేప వాసనంటేనే ఆమడ దూరం పారిపోయే మనిషి. ఇప్పుడు పొద్దున్నే అవిసె గింజలు వేయించి పొడి కొట్టుకుంటోంది. కుట్టుమిషను మీద, దారపు ఉండల పక్కన అక్రోట్ల డబ్బా పెట్టుకుంది. చొక్కాలకు కాలర్లు కుడుతూనే ఒక్కో పలుకూ నములుతుంది.

భర్త బస్సు డిపోలో మెకానిక్. చేపలు తెచ్చేదీ, ముళ్లు ఏరి పెట్టేదీ అతనే. ఆసుపత్రి దాకా బండి మీద దింపుతాడు గానీ, గేటు దాటడు.

"మీరూ రాకూడదూ?"

"నావల్ల కాదు. నువ్వెళ్లిరా."

పైఅంతస్తులో పసిపిల్లల వార్డు. రుమాల్లో చుట్టి తెచ్చిన పాలసీసా అందుకుంటూ నర్సు ముఖం వెలిగిపోయింది.

"బరువు పెరిగాడు తల్లీ! గొట్టం తీసేశాం. చెంచాతో పడుతుంటే లొట్టలేసుకుంటూ తాగుతున్నాడు, గడుగ్గాయి!"

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్లు నిండాయి.

"అద్దంలోంచి చూస్తావా, ఒక్కసారి?"

"వద్దు నర్సమ్మా. చూస్తే ఎత్తుకోవాలనిపిస్తుంది."

ఖాళీ సీసా పుచ్చుకుని గబగబా మెట్లు దిగింది.

గేటు దగ్గర భర్త తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ నోరు విప్పనివాడు, ఇవాళ అడిగాడు.

"తాగుతున్నాడా?"

"తాగుతున్నాడు. బరువు కూడా పెరిగాడట."

అతను బండి స్టార్ట్ చేశాడు. "సాయంత్రం మళ్లీ చేపలు తెస్తాలే" అన్నాడు.

ఆమె వెనక కూర్చుని అతని భుజం పట్టుకుంది. ఊరి చివర పొడవాటి తెల్లగోడ పక్కకు రాగానే బండి నెమ్మదించింది. ఇద్దరూ అటు చూడలేదు.

ఆ పాలు తాగుతున్నవాడు పురిట్లోనే తల్లిని పోగొట్టుకున్న ఎవరి బిడ్డో. వాళ్లు కన్నవాడు, పుట్టిన పూటే కన్నుమూసి, ఆ శ్మశానం గోడకు అవతల ఉన్నాడు.