అయ్యోరి బదిలీ

జీపు ముందు గురవమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒళ్ళో చేపలు కోసే కత్తి ఉంది.

"లెయ్యమ్మా, పొద్దెక్కుతా ఉంది," అన్నాడు డ్రైవరు.

"బండి కదిలిందంటే టైర్లు కోసేస్తా. ముందు అయ్యోరిని దించు."

బోగోలుకు తూర్పున, సముద్రాన్ని ఆనుకుని ఉన్న పాళెం అది. జీపు వెనక సీటులో రేకుపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాడు ఆ ఊరి బడిపంతులు హజరత్తయ్య. ముందు సీటులో ఉన్నవాడు బడుల ఇన్‌స్పెక్టరు. హజరత్తయ్యను నెల్లూరు ట్రైనింగు స్కూలుకు తీసుకుపోయి, పంతుళ్ళు కాబోయేవాళ్ళకు ఆయన చేత పాఠాలు చెప్పించాలని ఆ ఇన్‌స్పెక్టరు పట్టుబట్టి ఆర్డరు తెచ్చాడు.

తేకేం చేస్తాడు! అలాంటి పంతులు జిల్లాలో మరొకడు లేడు. వల పరిచి, దాని కళ్ళు లెక్కపెట్టిస్తూ ఎక్కాలు నేర్పేవాడు. తడి ఇసుకతో జిల్లా పటం కట్టించి, సంగం దగ్గర కుండెడు నీళ్ళు పోయించేవాడు. పెన్న మెలికలు తిరుగుతూ పారుతుంటే పిల్లలు కేకలు పెడుతూ దాని వెంట పరుగెత్తేవాళ్ళు. సముద్రం ఎందుకు ఉప్పగా ఉంటుందని ఎవడైనా అడిగాడా, ఆ రోజు పాఠం అదే. ఎప్పుడో బెత్తం విరిచి పారేసినప్పటి నుంచి ఎవరి ఒంటి మీదా దెబ్బ పడేది కాదు. లెక్క తప్పినవాడి పక్కన తానే నేల మీద చతికిలబడి, "మళ్ళీ చూద్దాం నాయనా" అనేవాడు. ఒక్క పిల్లవాడు బడికి రాకపోయినా సరే, పాఠం ఆపేసి ఒడ్డు వెంట వెతుక్కుంటూ పోయేవాడు.

ఇదివరకే ఒకసారి కోటకు, మరోసారి సంగానికి ఆయనకు బదిలీ అయింది. రెండుసార్లూ గురవమ్మే ఆడవాళ్ళను కూడగట్టి, సమితి ఆఫీసు ముందు కూర్చుని ఆపించింది. ఇన్నేళ్ళుగా పోనీకుండా పట్టుకున్న మనిషిని ఇవాళ ఎవడో జీపులో ఎక్కించుకుపోతుంటే ఆమెకు ఒళ్ళు భగ్గుమంది. పళ్ళు పటపట కొరికింది.

ఇన్‌స్పెక్టరు కిందికి దిగాడు.

"ఏమ్మా, మీ అయ్యవారికి మంచి జరుగుతుంటే సంతోషించాలి గదా? నెల్లూరులో పేరొస్తుంది. హాయిగా ఉంటాడు."

"హాయిగా ఉండేదానికి నేను ఒప్పుకోను సార్. ఈడనే ఉండాల."

ఆయనకు నవ్వొచ్చింది. "నీ పిల్లలు ఏ తరగతి?"

"నా ఇంట్లో బడికి పొయ్యేవాళ్ళు లేరు సార్."

ఇన్‌స్పెక్టరు తెల్లబోయాడు. తన ఇంట్లో చదివేవాళ్ళు లేకపోయినా, పంతులు కోసం కత్తి పట్టుకుని దారిలో కూర్చున్న మనిషిని ఆయన ఏ ఊళ్ళోనూ చూడలేదు.

వెనక సీటులోంచి హజరత్తయ్య తల బయటికి పెట్టాడు. "నన్ను పోనియ్యి గురవమ్మా. నీకు దండం పెడతా. ఈ సముద్రం హోరులో నాకు నిద్ర పట్టడం లేదు."

"దిగండి అయ్యోరా," అంది ఆమె, కత్తి పిడి బిగించి పట్టుకుని.

ఈలోగా ఆడవాళ్ళంతా గుమిగూడారు. "మా పిల్లకాయల్ని ఒదిలిపెట్టి ఎట్టా పోతావయ్యా?" అని పిచ్చమ్మ కళ్ళొత్తుకుంది. పిల్లలు జీపెక్కి ఆయన చొక్కా పట్టుకుని లాగారు. ఒకడు రేకుపెట్టె కిందికి దించేశాడు. హజరత్తయ్య దాని వెంటే దిగాడు.

ఇన్‌స్పెక్టరు కళ్ళు చెమర్చాయి.

"ఎంత అదృష్టవంతుడివయ్యా! కలెక్టరుకైనా ఇంత అభిమానం దొరకదు. నువ్వు రావద్దులే. ట్రైనింగు వాళ్ళనే ఇక్కడికి పంపిస్తా. నీ పాఠాలు చూసి నేర్చుకుంటారు. ఇంక నిన్ను ఎవరూ ఈ ఊరి నుంచి కదిలించకుండా నేను చూసుకుంటా."

గురవమ్మ లేచి దారి ఇచ్చింది. ఇన్‌స్పెక్టరుకు రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

జీపు వెళ్ళిపోయింది. పిల్లలు గోల చేస్తూ బడి వైపు పరుగు తీశారు. ఆడవాళ్ళు ఇళ్ళకు మళ్ళారు. హజరత్తయ్య మాత్రం దారి మధ్యలో అలాగే నిలబడిపోయాడు.

గురవమ్మ కోకకు అంటిన ఇసుక దులుపుకుంది. నిదానంగా నడిచి వచ్చి, ఆయనకు ఎదురుగా నిలబడింది. ఆమె కడుపు చల్లబడింది.

"నీ బెత్తానికి భయపడి, బడి ఎగ్గొట్టి తెప్పెక్కిన నా కొడుకు ఏ అలల్లో మునిగిపోయినాడో, ఆ అలల్ని చూస్తా ఈడనే చావాల నువ్వు," అంది.