గంట కొట్టక ముందే

ఎనిమిదో రౌండు నడుస్తుండగానే మా ఆయన విల్ఫ్ తాళ్ళ సందులోంచి బరిలోకి దూరాడు. గంట కొట్టక ముందు మనవాళ్ళెవరు లోపలికొచ్చినా మన బాక్సర్ ఓడినట్టే. షెఫీల్డ్ హాలంతా గోల లేచింది. గెలుస్తున్నది మా మరిది క్లెమే. ఇంకాసేపు నిలబడితే ఆ ఏడాది, 1951, హెవీవెయిట్ బెల్టు అతనిదే.

అంతకుముందు, ఇక ఓటమి ఒప్పుకుంటున్నాం పోటీ ఆపమన్నట్టు మా ఆయన తువ్వాలు విసిరాడు. రిఫరీ దాన్ని కాలితో బయటికి తోసేశాడు.

బట్టలు మార్చుకునే గదిలోకి రాగానే క్లెమ్ అరిచాడు. "నా ఎదుటివాడు తూలుతున్నాడు కదా అన్నా! అవతలివాళ్ళు నీకేం తాగించారు?"

"ఇందాక రౌండ్ల మధ్య విరామంలో నన్నేమడిగావురా?" అన్నాడు మా ఆయన నెమ్మదిగా.

"అమ్మకి చోటు దొరికిందా అనడిగాను. ముందు వరసలో కూర్చుని గొడుగు ఊపుతూ అరవకపోతే ఆవిడకి తోచదుగా! అడగడం కూడా తప్పేనా?"

మా అత్తగారిని కిందటి చలికాలంలో పాతిపెట్టాం. శవపేటికకి ముందు భుజం పట్టింది క్లెమే.

మా ఆయన తల వంచుకుని తమ్ముడి చేతి తొడుగుల ముళ్ళు విప్పుతూ కూర్చున్నాడు.

"అన్న చెప్పేట్టు లేడు. నువ్వు చెప్పు వదినా," అన్నాడు క్లెమ్ నావైపు తిరిగి. "దొరికిందా, లేదా?"