కాపలా కుక్క

“పెద్దాయనా, దీన్ని మీరే ఉంచుకోండి. నాకో వేటకుక్కనివ్వండి.” గొర్రెలకాపరి తన కాపలా కుక్క మెడతాడు తెచ్చి, కుక్కల్ని పెంచే ముసలాయన చేతిలో పెట్టాడు.

“వేటకుక్క తోడేలు వెంటపడి పోతే మంద దగ్గర ఎవరుంటారయ్యా?”

“ఇదుండి ఏం వెలగబెట్టింది? మొన్న తోడేలు దొడ్లో దూరి తొమ్మిది గొర్రెల్ని చంపింది. ఇది అటు తొంగి కూడా చూడలేదు. తిండి దండగ!”

ముసలాయన కుక్క చెవులు నిమిరాడు. “నా కుక్క అలా చెయ్యదే! ఎవరి పక్కన పెరిగితే వాళ్లనే కాస్తుంది, గొర్రెపిల్లల మధ్యే పడుకోబెట్టమని చెప్పానుగా?”

“మా పాప వింటేగా! చలికి చచ్చిపోతుంది నాన్నా అని తన దుప్పట్లోనే పడుకోబెట్టుకునేది.”

“అవునూ, అప్పుడు నీతో వచ్చింది కదా, పాపను తీసుకురాలేదేం?”

“పోయిన నెల జ్వరమొచ్చి...”

ముసలాయన కుక్క పక్కన కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. “తోడేలు వచ్చినప్పుడు ఇదెక్కడుంది?”

“పాపను పూడ్చిన చోట. నెల నుంచీ అక్కడే పడుంటోంది. ఎన్నిసార్లు కొట్టి దొడ్డికి ఈడ్చుకొచ్చినా మళ్లీ...”

కాపరి కుక్కను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. చెయ్యి చాచి తాడు వెనక్కి తీసుకున్నాడు.

“మరి వేటకుక్క?”

“వద్దు పెద్దాయనా.” అతను వంగి కుక్క మెడలో ముడి విప్పాడు. “అక్కడ చలి ఎక్కువ. పాప దుప్పటి ఇంట్లోనే ఉంది. తీసుకెళ్లి దీనికి కప్పుతాను.”