పొడుగు రెక్కలు

"నాన్నా, రెక్కలు పొట్టిగా ఉండాయి," అంది స్తుతి.

బండ మీద పెట్టిన ఫోనులోంచి ఆ మాట పాలిషింగ్ షెడ్డంతా వినిపించింది. గాబ్రియేలు చేతిలోని విమానాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. బేతంచెర్ల నాపరాయితో చెక్కిన విమానం. మూరెడు పొడవు. రెండు ఇంజన్లు, ముక్కు, తోక అన్నీ కుదిరాయి.

స్తుతి రాయచోటిలో ఇంజనీరింగులో చేరింది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఆ పిల్లే మొదలు. సెమినారుకని అమెరికావాళ్ల పాత యుద్ధవిమానం ఒకటి ఎంచుకుని, దాని బొమ్మ చెక్కిపెట్టమని నాన్నను అడిగింది. చెక్కి, ఫోటో పంపాడు.

"ఒకటి చేసి ఎగరేసి చూడకుండానే, కాగితం మీది గీత చూసి వందల విమానాలు చెయ్యమన్నారు నాన్నా. ఎందుకంత తొందరంటావా? యుద్ధం గదా! వేగం కావాలని రెక్కలు పొట్టిగా పెట్టినారు. దిగేటప్పుడు అదుపు తప్పి కూలిపోయేటివి. నేర్చుకునే పిల్లోళ్లే శానామంది సచ్చిపోయినారు."

"ఆ పిల్లోళ్ల అమ్మానాయనలకు ఆ మాట ఎవరు చెప్పింటారమ్మా?" అన్నాడు గాబ్రియేలు.

ఫోనులో స్తుతి మాట ఆగకుండా సాగింది.

"తర్వాత రెక్కలు ఆరడుగులు పెంచినారు. తోక గూడా పెంచినారు. ఇంగ అదే విమానం శానామందిని క్షేమంగా ఇంటికి చేర్చింది. నువ్వు చెక్కింది పాత రెక్కలు. నాకు ఇల్లు చేరే విమానం కావాల నాన్నా. చేస్తావు గదా?"

"చేస్తానమ్మా."

పక్క మిషను ఆపి బొజ్జన్న వచ్చాడు. "ఏమప్పా గాబ్రియేలూ, బండలు పరిచేది సాలక ఎగరేసేది గూడా మొదలుపెట్టినావా?" అని నవ్వించబోయాడు. గాబ్రియేలు నవ్వలేదు. బొజ్జన్న గొంతు తగ్గించాడు. "పొడుగు రెక్కలు నిలవవప్పా. మన రాయి పొరలు పొరలుగా లేసేది. సన్నగా కోస్తే ఇరుగుతాది. పాతవే ఉండనీ."

"కుదరదు. ఆదివారం పాస్టరయ్య, సంఘమంతా వస్తారు. పాప అడిగినట్టే ఉండాల."

కోశాడు. రెక్క విరిగింది. మళ్లీ కోశాడు. మళ్లీ విరిగింది. విరిగిన ముక్కను బండ మీద పడుకోబెట్టి చూశాడు.

"నిలబెడితే గదా ఇరిగేది," అన్నాడు చివరికి. "పండబెడదాం. కింద బండ ఆసరా ఉంటే యాడికీ పోదు."

గోడకు ఆనించిన పెద్ద బండ చెరో కొస పట్టి దించారు.

గాబ్రియేలు భార్య విశ్వాసమ్మ అన్నం క్యారియరు తెచ్చి నిలబడింది. "పొద్దున్నుంచి ఆ ఫోనుతోనేనా? ఇంత తినయ్యా."

అతను వినలేదు. కొత్త రెక్కలు కోసి, విమానాన్ని బండ మీద పడుకోబెట్టి అతికించాడు. ఈసారి విరగలేదు. దుమ్ము చేతులు లుంగీకి తుడుచుకుని, ఫోను మీద మళ్లీ అదే చోట నొక్కాడు.

"నాన్నా, రెక్కలు పొట్టిగా ఉండాయి," అంది స్తుతి.

"పెంచినా తల్లీ. చూసుకో."

విశ్వాసమ్మ వంగి కొంగుతో బండ మీది రాతిపొడి తుడిచింది. పొడుగు రెక్కల కింద కూతురి పేరు, ఆ పేరు కింద 'ప్రభువునందు నిద్రించిన దినము' బయటపడ్డాయి.