ఒక్క మార్కు ఫోన్లు

మాట ఎంత స్పష్టంగా ఉందో చూసి ప్రతి ఫోనుకూ మార్కులేసే మాటమీటరు ఇంటింటికీ వచ్చాక, సిరిసిల్లలో కొమురవ్వ దుకాణానికి ఫోను కంపెనీ మనిషి వచ్చాడు. కొమురవ్వ మరమగ్గాల మెకానిక్కు; అక్కడ వాటిని సాంచెలంటారు. ఫోనులో మగ్గం చప్పుడు వింటే చాలు, ఎక్కడ చెడిందో చెప్పేస్తుంది.

"అవ్వా, నీ ఫోన్లకు ఐదుకు ఒకటే మార్కు వస్తున్నది. ఎనుక మోత ఎక్కువున్నది. గిట్లనే ఉంటే లైను కోస్తరు," అంటూ అతను మీటరుకు చప్పుడు వడగట్టే డబ్బా బిగించాడు.

అంతలోనే భివండిలో మగ్గం నడిపే సదయ్య ఫోను.

"అవ్వా, సాంచె దారం తెంపుతున్నది, ఇను!"

మాట గంటలా వినిపించింది. మగ్గం మాత్రం వినిపించలేదు. మీటరు మీద పచ్చగా ఐదు వెలిగింది.

"సూసినవా, ఐదుకు ఐదు!" మురిశాడతను.

"గట్లనా? మరి దారమెందుకు తెగుతున్నదో నీ డబ్బానే చెప్పమను."

కొమురవ్వ డబ్బా వైరు పీకేసింది. మగ్గం మోతకు దుకాణం దద్దరిల్లింది, మీటరు ఎర్రగా ఒకటికి పడిపోయింది. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

"సదయ్యా, ఎడమదిక్కు బోల్టు వదులైంది. బిగించు."

"లైను కోస్తరవ్వా!" అన్నాడు కంపెనీ మనిషి.

"కొయ్యుండ్రి. ఊళ్లున్న సాంచెలన్నీ మీ ఆఫీసు ముంగట పెట్టి నడిపిస్తం."

సాయంత్రానికి గుమ్మం మీద బోర్డు వేలాడింది: 'ఒక్క మార్కు ఫోన్లు మాత్రమే ఇచ్చట ఎత్తబడును.'