మేనేజరుగారికి రావలసిన సెల్యూట్

"వంగుతుందా, వంగదా? అది చెప్పండి డాక్టరుగారూ," అన్నాడు కంపెనీ మేనేజరు, రోగిని పక్కన నిలబెట్టుకుని.

"వంగుతుంది. మూడు చిన్న రంధ్రాలు చేసి, ఒకదాంట్లోంచి కెమెరా పంపిస్తాం. మోచేతి కీలు చుట్టూ గట్టిపడిన పొరని లోపల్లోపలే తీసేస్తాం. పెద్ద కోత ఉండదు. తర్వాత వ్యాయామం మాత్రం మానకూడదు."

"రెండు నెలల్లో మా ఛైర్మన్‌గారు వస్తున్నారు. ఆలోపు సెల్యూట్ కొట్టగలగాలి," అంటూ మేనేజరు తన చెయ్యి నుదుటికి ఆనించి మరీ చూపించాడు.

డాక్టరు ఆయన్ని వదిలేసి రోగి వైపు తిరిగాడు. "మీకేం కావాలి?"

"మనవరాల్ని రెండు చేతులా ఎత్తుకోవాలండి," అన్నాడు గేటు కాపలాదారు, ఒప్పుదల కాగితం మీద చకచకా సంతకం పెడుతూ.

మనవరాలట, మనవరాలు! మేనేజరుకి ఒళ్లు మండింది. రెండేళ్లుగా సెల్యూట్ లేకుండా గేటు దాటుతుంటే తనకెంత తల కొట్టేసినట్టుందో ఎవరికి పట్టింది? తన పేరు బోర్డు జానెడు పైకి జరపమని నిచ్చెన ఎక్కిస్తే, వీడు కిందపడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మీటింగుకి టైమైపోతోందని ఆవేళ ఆయన కారు దిగలేదు. దిగితే మాత్రం ఎముక అతుక్కుంటుందా ఏమిటి? కట్టు విప్పాక మోచెయ్యి బిగుసుకుపోయింది. సెల్యూట్ అప్పటినుంచే బంద్.

ఆపరేషనైంది. మర్నాటినుంచే చెయ్యి వంచడం, చాపడం మొదలుపెట్టించారు. మేనేజరు రోజూ ఫోను చేసి, "ఎందాకా వచ్చింది?" అని ఆరా తీశాడు. ఛాతీ దాకా వచ్చింది. గడ్డం దాకా వచ్చింది. చెవి దాకా వచ్చిందన్న రోజున ఆయన ఆఫీసులో అందరికీ టీలు తెప్పించాడు.

ఛైర్మన్ వచ్చిన రోజు కారు గేటు ముందు ఆగింది. వెనకసీట్లో ఛైర్మన్, ముందుసీట్లో మెడ సాచుకుని మేనేజరు. కాపలాదారు గేటు తీసి, చేతులు రెండూ కిందికి వదిలేసి నిటారుగా నిలబడ్డాడు.

ఆ గేటు దగ్గర మేనేజరు కారు దిగడం అదే మొదటిసారి.

"ఏమయ్యా, ఇంకా వంగట్లేదా?" అని పళ్లు నూరాడు.

"భేషుగ్గా వంగుతోందండి. పొద్దున్నే మనవరాల్ని ఎత్తుకున్నాను. మీ మేలు మర్చిపోను."

"మరి సెల్యూటేదీ?"

కాపలాదారు చొక్కా చెయ్యి మడిచి, ఎడమ మోచేతి మీది మూడు చిన్న మచ్చల్ని ఓపిగ్గా చూపించాడు.

"కుడిచెయ్యి మొదట్నించీ బాగానే ఉందండి."