నిండని డ్రమ్ము

...ఎడమ భుజమే. అవును, అదే కిందికి వాలి ఉండేది.

ముసలాయన్ని తలుచుకున్నప్పుడల్లా ఫర్నేసు ఇంజనీరుకి ముందు ఆ భుజమే కనిపిస్తోంది.

రోజూ పొద్దున్నే గుడ్డసంచి తగిలించుకుని ఫ్యాక్టరీకి వచ్చేవాడు. లోహాన్ని కోసే పనిముట్ల నుంచి తీసేసిన, అరిగిపోయిన కార్బైడ్ మొనలు పోసే డ్రమ్ములో మోచేతిదాకా చెయ్యి పెట్టి కెలికేవాడు.

"ఏం తాతా, లంకెబిందెలు దొరికాయా?" అనేవాడు గేటు కాపలాదారు.

"దొరికితే నీకే ఇస్తాలే అల్లుడూ!"

ఆ రోజుల్లో వారానికో డ్రమ్ము నిండేది. పాత మొనలు ఫర్నేసులో మళ్లీ పొడయ్యేవి. ఆ పొడితోనే కొత్తవి. గని నుంచి వచ్చే పొడితో పోలిస్తే సగం ఖర్చు. పొగా తక్కువే.

ఒకరోజు గేటు దాటి వెళ్లిపోతున్న ఆయన్ని ఇంజనీరు ఆపాడు.

"రోజూ ఏం పట్టుకెళ్తున్నావ్?"

"ఏమీ లేదు బాబూ."

సంచి దులిపించాడు. ఖాళీ.

"ఇవాళ దొంగతనం కుదరలేదు, అంతే. రేపట్నుంచి రాకు," అన్నాడు ఇంజనీరు.

ముసలాయన తల దించుకుని వెళ్లిపోయాడు.

ఆ వారం డ్రమ్ము సగమే నిండింది. ఆ తర్వాత రెండు నెలలూ అంతే.

"సగం డ్రమ్ముకి ఫర్నేసు వెలిగించడం దండగ. నెలాఖరుకి మూసేద్దాం," అన్నాడు యజమాని.

ఇంజనీరు ఆరేళ్లు పోరాడి పెట్టించుకున్న ఫర్నేసు.

దొంగ పోయాక సరుకు పెరగాలి గాని, తగ్గడమేమిటి?

వచ్చేటప్పుడు వాలిన భుజం, వెళ్లేటప్పుడు తిన్నగా ఉండేది కదూ?

ముసలాయన అడ్రసు కనుక్కుని ఇంటికి వెళ్లాడు. కూతురు తలుపు తీసింది.

"నాన్న పోయి నెల దాటిందండీ."



"ఆయన మా డ్రమ్ములోంచి..."

"డ్రమ్ములో వేసేవారండీ. మీ ఫ్యాక్టరీ వెనకాల ఏటి గట్టున తవ్వి, కడిగి, సంచిడు మోసుకొచ్చేవారు. వద్దంటే వినేవారా? మొండిఘటం. మీరు రావద్దన్నాక మంచం దిగలేదు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"సిగ్గండీ. ఆ ఫర్నేసు రాకముందు, ఇరవై ఏళ్లు మీ ఫ్యాక్టరీ మొనల్ని ఆ గట్టున పాతిపెట్టిన కూలీ ఆయనే."

ఇంజనీరు తిరిగి ఫ్యాక్టరీలోకి వెళ్లలేదు. ఏటి గట్టున, ముసలాయన తవ్వుతూ సగంలో ఆపేసిన గుంట పక్కన బూట్లు విప్పి, మోకాళ్ల మీద కూర్చుని తవ్వడం మొదలుపెట్టాడు.